చిన్న రాడ్డు, ట్యూబు ముక్క

నీళ్ళ ఆఫీసు జీపులో డ్రైవరు పక్కన రెండు రాడ్లు ఉంటాయి. పొడుగ్గా ఉన్నది గేర్లు మార్చేది. అది అన్ని బళ్ళకీ ఉండేదే. రెండోది దాని పక్కనే, నల్ల గుండు తలకాయతో, ఆఫీసరు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ గుమస్తాలా పొట్టిగా ఉంటుంది. కొత్తగా జీపెక్కినవాళ్ళు మొదట అడిగేది దాని గురించే. "అదేంటండీ?" అంటే, "అదే అసలు బండి. మిగతాదంతా దాని మీద బోర్లించిన డబ్బా," అనేవాడు మావయ్య.

మావయ్య అంటే ఆ డ్రైవరు ఇంటి కోడలికి మావయ్య. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ జీపుని తోలుతున్నాడు. గుట్ట మీద ఉన్న పెద్ద ట్యాంకు దగ్గరికి బ్లీచింగ్ పౌడర్ బస్తాలూ, పంపు ఇంజనుకి డీజిలూ, డ్యూటీ మారే మనుషుల్నీ చేరవేయడం ఆయన పని. ఇప్పుడు ఎడమ మోకాలు అరిగిపోయింది. క్లచ్ తొక్కినప్పుడల్లా లోపల ఇసుక నలిగినట్టు చప్పుడు చేస్తోంది. నెలాఖరుకి దిగిపోతున్నాడు. దిగిపోయే డ్రైవరు ఇంట్లోవాళ్ళు ఎవరైనా పరీక్ష నెగ్గితే ఆ సీటు వాళ్ళకే ఇస్తారు. పరీక్ష ఒక్కసారే. తప్పారంటే జీపు తుక్కుకి పోతుంది, దాని బదులు బయట నుంచి ట్రాక్టరు వస్తుంది.

మావయ్యకి ఒక్కడే కొడుకు, దర్జీ. "వాడికి కుట్టుమిషను చక్రం తప్ప ఇంకో చక్రం చూస్తే కళ్ళు తిరుగుతాయి," అనేది అత్తయ్య. అందులో అబద్ధమేం లేదు. అందుకని కోడలు నేర్చుకుంది.

అందుకని మాత్రమే కాదు. నాలుగేళ్ళుగా ఆమె మొగుడి కొట్లో కాజాలు కుడుతోంది, గుండీలు వేస్తోంది. ఆమె కూర్చునే చోట నుంచి కిటికీలో గుట్ట కనిపిస్తుంది. పొద్దున్నే జీపు ఎర్రమట్టి దారి పట్టుకుని, ఎక్కడా తొందరపడకుండా, ఎక్కడా ఆగకుండా పైకి పోయేది. సూది ఆపి చూసేది. ఎవరితోనూ ఏమీ అనలేదు. ఒకరోజు అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు మావయ్య, "నా తరవాత ఎవరు పట్టుకుంటారో దాన్ని," అని ఊరికే అన్నాడు. వడ్డిస్తున్న గరిటె చేతిలో ఉండగానే, "నేను పట్టుకుంటాను మావయ్యా," అంది. ఆమె నోట్లోంచి అంత గట్టిగా మాట రావడం అదే మొదలు. మొగుడు నీళ్ళగ్లాసు కింద పెట్టేశాడు.

లైసెన్సు వచ్చాక రెండు నెలలు మావయ్య పక్కన కూర్చుని నేర్పాడు.

"చెప్పమ్మాయ్, చిన్న రాడ్డు ఎన్నిచోట్ల నిలుస్తుంది?"

"నాలుగుచోట్ల. పూర్తిగా ముందుకి తోస్తే వెనక చక్రాలే లాగుతాయి. ఒక మెట్టు వెనక్కి తెస్తే నాలుగూ లాగుతాయి. ఇంకో మెట్టు తెస్తే ఏదీ లాగదు, న్యూట్రల్. ఆఖరిదాకా లాగితే మళ్ళీ నాలుగు చక్రాలూ లాగుతాయి గానీ, ముసలి నడక."

"ముసలి నడకా? ఎవరన్నారామాట?"

"మీరే."

"నేనే? సర్లే. నడక ముసలోడిది. మరి బలం?"

"ముసలోడిదే మావయ్యా."

"అదీ!" అని తొడ మీద చరుచుకుని, మోకాలి నెప్పికి మొహం చిట్లించేవాడు.

ఆయన పాఠాలన్నీ అలాగే ఉండేవి. ముందు చక్రాల నడిమధ్య బిళ్ళల్లా ఉండే లాకుల్ని దిగి చేత్తో తిప్పాలి. అవి తిప్పకుండా రాడ్డు లాగితే, తలుపు గడియ తియ్యకుండా చుట్టాన్ని లోపలికి రమ్మన్నట్టే. గట్టి తారు రోడ్డు మీద నాలుగు చక్రాలూ వెయ్యకూడదు. తడిబట్ట పిండినట్టు బండి లోపల మెలిపడుతుంది, రాడ్డు బిగుసుకుపోతుంది. బిగుసుకుంటే దాంతో కుస్తీ పట్టకూడదు. రెండడుగులు వెనక్కి పోనిస్తే దానంతటదే వదులుతుంది. "ఇంకోటి. గేర్లో పెట్టాను కదా అని బండి దిగిపోకు. చిన్న రాడ్డు న్యూట్రల్లో ఉందనుకో, పెద్దది ఏ గేర్లో ఉన్నా లేనట్టే. నువ్వు టీ తాగి వచ్చేసరికి బండి వెళ్ళి ఎవరింట్లోనో కూర్చుంటుంది. హ్యాండ్‌బ్రేక్ వెయ్యి, చక్రం కింద రాయి పెట్టు, అప్పుడు దిగు."

అన్నీ చెప్పాడు. ఒక్కటి తప్ప.

చిన్న రాడ్డు మెడకి పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి వేలాడుతుండేది. సీటు కింద ఇనపపట్టీకి వెల్డింగు చేసిన కొక్కెం ఒకటి ఉండేది. గుట్ట మట్టిదారిన దిగే ముందు మావయ్య పక్క సీట్లోంచి వంగి, ట్యూబు కొసని లాగి ఆ కొక్కేనికి తగిలించేవాడు. "ఇదెందుకు మావయ్యా?" అని ఒకసారి అడిగింది.

"గలగల్లాడకుండా."

చదును దారిలో కూడా రాడ్డు గలగల్లాడేది. అక్కడ తగిలించేవాడు కాదు. ఎక్కేటప్పుడూ తగిలించేవాడు కాదు. దిగేటప్పుడు మాత్రమే. ఆమె ఇదంతా చూసింది, కానీ పెద్దవాళ్ళని ఒకే మాట రెండుసార్లు అడిగే అలవాటు ఆమెకి లేదు.

పరీక్ష ముందురోజు ఇల్లంతా జీపు మీద పడింది. అత్తయ్య సబ్బునీళ్ళతో లోపలా బయటా రుద్దింది. మొగుడు ముదురు నీలం బట్టతో సీట్లకి కవర్లు కుట్టి తెచ్చాడు. జారకుండా అడుగున రెండు వేళ్ళ వెడల్పు ఎలాస్టిక్ వేసి, దానికి రెండు వరసల కుట్టు వేశాడు. "ఏనుగు కూర్చుని లేచినా ఇటు నుంచి అటు జరగదు," అన్నాడు.

"ఏనుగుని ఎందుకురా, ఇన్‌స్పెక్టర్ని కూర్చోనీ ముందు," అంది అత్తయ్య.

పొద్దున ఆమె జీపెక్కి అద్దం సరిచేసుకుంటూ చూస్తే, చిన్న రాడ్డు మెడ బోసిగా ఉంది.

"మావయ్యా, ట్యూబు ముక్కేదీ?"

"తీసేశానమ్మా. కొత్త కవర్ల పక్కన అదేం బాగుంటుంది? పెళ్ళిబట్టలేసుకుని నడుముకి మసిగుడ్డ చుట్టుకున్నట్టు. ఎలాగూ దింపేది అవతల చుట్టు తిరిగొచ్చే తారు రోడ్డు మీదే. ఈ ముప్ఫై ఏళ్ళలో ఏ ఇన్‌స్పెక్టరూ మట్టిదారిన దింపలేదు."

గలగల్లాడకుండా కట్టినదానికీ, దిగే దారికీ ఏమిటి సంబంధం? అడుగుదామని నోరు తెరిచింది. అప్పుడే గేటు దగ్గర ఇన్‌స్పెక్టరు కనిపించాడు.

సన్నటి మనిషి. అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాలు, ఆ అట్టకి దారంతో కట్టిన పెన్సిలు. సీట్లో కూర్చుని ఒకసారి ఇటూ అటూ కదిలి చూశాడు. కవరు కదల్లేదు. గుమ్మంలో నిలబడ్డ మొగుడి మొహం వెలిగింది.

"అమ్మా, ఒక మాట ముందే చెప్తున్నాను. నేను దేన్నీ ముట్టుకోను. స్టీరింగు మీద గానీ, బ్రేకు మీద గానీ, ఈ రాడ్ల మీద గానీ నా చెయ్యి పడిందంటే పరీక్ష అక్కడితో సరి. మీరు తప్పినట్టు. సరేనా?"

"సరే సార్."

వెనక రెండు బస్తాల బ్లీచింగ్ పౌడర్ ఉంది. గుట్ట మొదట్లో ఆపి, దిగి, ముందు చక్రాల లాకులు రెండూ తిప్పింది. ఎక్కి, క్లచ్ తొక్కి, చిన్న రాడ్డుని ఆఖరిదాకా లాగింది. సగంలో లోపలి గేర్ల పళ్ళకి పళ్ళు తగిలి ఆగింది. బలవంతం చెయ్యలేదు. క్లచ్ తొక్కే ఉంచి బ్రేకు కొంచెం వదిలి, బండిని జానెడు వెనక్కి దొర్లనిచ్చింది. రాడ్డు టక్కున కూర్చుంది. పక్కన పెన్సిలు ఏదో గీసింది.

రెండో గేర్లో ఎక్కించింది. ఎర్రమట్టి దారి, పక్కనే ట్యాంకు నుంచి కిందికి దిగే లావుపాటి ఇనపపైపు. వానకి కోసుకుపోయిన చోట ఒక చక్రం గాల్లోకి లేచినా మిగతా మూడూ దున్నుకుంటూ పోయాయి. ఇన్ని రోజులూ కిటికీలోంచి చూసిన నడక ఇదే. ఇప్పుడు తన అరికాలి కింద ఉంది.

పైన పంపు నడిపే ఆయన బస్తాలు దింపుకున్నాడు. "ఏంటమ్మా, ముసలాయన్ని ఇంట్లో కట్టేసి వచ్చావా?"

"మోకాలే కట్టేసింది బాబాయ్."

"ఆ మోకాలు జీపుది. జీపు తినేసింది," అని నవ్వుతూ బస్తా భుజాన వేసుకుపోయాడు.

ఇన్‌స్పెక్టరు ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి కూర్చున్నాడు. ఆమె బండిని తారు రోడ్డు వైపు తిప్పబోయింది.

"అటు కాదు. వచ్చిన దారినే."

"అందరూ తారు రోడ్డు మీదే..."

"తారు రోడ్డు మీద ఎవరైనా దింపుతారు. పైపు పగిలిన రోజు మీరు చుట్టూ తిరిగి పోతారా?"

సరైన మాటే. చిన్న రాడ్డు ఆఖరిమెట్టులోనే ఉందని చూసుకుంది. అలవాటుగా ఆమె చూపు దాని మెడ మీదకి పోయింది, అక్కణ్ణుంచి సీటు కింద కొక్కెం మీదకి పోయింది. కొక్కెం ఖాళీగా ఉంది. ఆ ఇనప వంపు లోపలిభాగం మాత్రం వాడిన చెంచాలా నున్నగా మెరుస్తోంది.

మొదటి గేర్లో దింపింది. బ్రేకు అవసరమే పడలేదు. ఇంజనే మూలుగుతూ బండిని పట్టుకుంది. మొదటి మలుపు దాటింది. రెండో మలుపు ముందు దారి ఒక్కసారిగా కిందికి విరుగుతుంది. బండి బరువంతా ముందుకి వాలింది. ఠప్‌మని చప్పుడైంది.

ఇంజను మూలుగు ఆగిపోయింది. ఖాళీగా, తేలిగ్గా గుడగుడమంటోంది. బండి చెయ్యి విడిపించుకున్న పిల్లాడిలా పరుగందుకుంది.

ఆమె చూడకుండానే తెలుసుకుంది, రాడ్డు న్యూట్రల్లోకి జారింది. కుడికాలు బ్రేకు మీద పడింది. ఒక్కసారిగా తొక్కితే చక్రాలు బిగిసి బండి అడ్డంగా తిరుగుతుందని మావయ్య చెప్పాడు. తొక్కి, కొంచెం వదిలి, మళ్ళీ తొక్కింది. గులకరాళ్ళు కింద గరగరమన్నాయి. జీపు పైపుకి మూడు బారల ఇవతల ఆగింది. హ్యాండ్‌బ్రేక్ లాగింది. కాలు మాత్రం బ్రేకు మీద నుంచి తియ్యలేదు.

ఇన్‌స్పెక్టరు రెండు చేతులూ గాల్లో ఉన్నాయి. పట్టుకుందామంటే ఆయన చుట్టూ ఉన్నవన్నీ పట్టుకోకూడనివే. దారం కొసన పెన్సిలు ఊగుతోంది.

"దించుకోండి సార్. ఆగింది."

ఆయన చేతులు దించుకుని అట్టని ఒళ్ళో సర్దుకున్నాడు. పెన్సిలు మళ్ళీ వేళ్ళ మధ్యకి వచ్చింది గానీ, రాయలేదు.

ఆమె క్లచ్ తొక్కి రాడ్డుని మళ్ళీ ఆఖరిదాకా లాగింది. కూర్చుంది. కానీ చేత్తో ముందుకి తోసి చూస్తే మెత్తగా కదిలింది. మళ్ళీ బరువు పడితే మళ్ళీ జారుతుంది. చేత్తో పట్టుకు దింపుదామంటే, ఆ మలుపులో స్టీరింగుకి రెండు చేతులూ కావాలి. మోకాలితో అదిమి చూసింది. ఆమె మోకాలు అక్కడిదాకా రాలేదు.

మావయ్యది వస్తుంది. ఆయన పొడుగు మనిషి.

అప్పుడు అంతా ఒకదాని వెనక ఒకటి కళ్ళముందుకొచ్చింది. దిగేటప్పుడు మాత్రమే తగిలించే ట్యూబు. నున్నగా అరిగిన కొక్కెం. అంతకన్నా ముందు అరిగిన మోకాలు. గలగల్లాడడం కాదు.

"సార్, మీరు కావాలంటే దిగి నడిచి వచ్చెయ్యండి. బండిని ఈ వంపులో వదిలితే పైపు మీదకి పోతుంది. నేను దింపుతాను."

ఇన్‌స్పెక్టరు దారి చూశాడు. తన బూట్లు చూసుకున్నాడు. "నడుచుకుంటూ పరీక్ష పెట్టడం నాకు రాదమ్మా. మీరేం చెయ్యబోతున్నారు?"

"అయితే ఒక్కసారి లేవండి."

"ఎక్కడికి?"

"పైకి. మీ సీటు కవరు కావాలి."

ఆయన తల పైకప్పుకి ఆనేలా, వంగి, గాల్లో కూర్చున్నట్టు నిలబడ్డాడు. ఆమె కాలు బ్రేకు మీద ఉంచే పక్కకి వాలి, కవరు అడుగు నుంచి ఎలాస్టిక్ పట్టుకుని లాగింది. రాలేదు. మొగుడి రెండు వరసల కుట్టు మరి. పళ్ళతో ఒక కుట్టు తెంపింది. ఆ తరవాత పర్రున వచ్చింది, బట్టతో సహా. నాలుగు మడతలు పెట్టి, రాడ్డు మెడకి ముడేసి, రెండో కొస గుంజి కొక్కేనికి చుట్టి బిగించింది. రాడ్డుని ముందుకి తోసి చూసింది. కదల్లేదు. గట్టిగా తోసింది. అయినా కదల్లేదు.

"కూర్చోండి సార్."

మిగిలిన దారి మొదటి గేర్లో, ముసలి నడకలో దిగింది. ఇంజను మళ్ళీ మూలిగింది. ఆ మూలుగు చెవికి అంత బాగుంటుందని ఆమెకి అంతకుముందు తెలీదు.

గుట్ట మొదట్లో మావయ్య నిలబడి ఉన్నాడు. జీపు మట్టిదారిన దిగడం ఇంటి దగ్గర నుంచి చూసి, ఆ మోకాలితో అంతదూరం పరిగెత్తినట్టున్నాడు. రొప్పుతున్నాడు. కుడిచేతి పిడికిట్లోంచి ట్యూబు ముక్క వేలాడుతోంది.

ఇన్‌స్పెక్టరు దిగి, దాన్ని చూశాడు. తరవాత ఆమె వైపు తిరిగాడు. "రాడ్డు జారుతుందని మీకు ముందే తెలుసా?"

తెలుసంటే, తెలిసీ తోలిన మనిషికి ఉద్యోగమివ్వరు. తెలీదంటే, తెలిసీ చెప్పని మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ట్యూబు ముక్క తెలుసు సార్. అదెందుకో తెలీదు. పైన మలుపులో తెలిసింది."

"ఆ అమ్మాయికి నేను చెప్పలేదండీ," అన్నాడు మావయ్య. "గలగల్లాడుతుందని చెప్పాను. తప్పు నాది."

"ఎన్నాళ్ళుగా?"

"ట్యూబుతో ఆరేళ్ళు. అంతకుముందు మూడేళ్ళు మోకాలితో."

"లోపాల పుస్తకంలో రాయలేదే?"

"రాస్తే తుక్కుకి పంపేస్తారని."

ఇన్‌స్పెక్టరు జీపు బానెట్ మీద అట్ట పెట్టుకుని చాలాసేపు రాశాడు. మావయ్య ట్యూబు ముక్కని వేలికి చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. ఆమె ముందు చక్రాల లాకులు తిప్పి మామూలుగా పెట్టింది. చెయ్యాల్సిన పని, ఎవరు నెగ్గినా తప్పినా. లేచి చేతులు దులుపుకునేసరికి ఆయన చదువుతున్నాడు.

"డ్రైవరు, పాస్. బండి, రిపేరు పూర్తయ్యేదాకా గుట్ట ఎక్కకూడదు." కాగితం చింపి ఆమెకిచ్చాడు. "మీ మొదటి పని లోపాల పుస్తకంలో రాయడం. ఇవాళే రాయండి. ఇంకో సంగతి, ఆ కవరు కుట్టినాయనకి చెప్పండి, కుట్టు మరీ గట్టిగా వేస్తున్నాడు."

మావయ్య ఆమె మొహంలోకి చూడకుండానే, "నన్ను తిట్టమ్మా," అన్నాడు.

"ఇంటికెళ్ళాక అత్తయ్యతో తిట్టిస్తాను."

"అయితే నువ్వే తిట్టు."

ఆఫీసులో లోపాల పుస్తకం అల్మారా పైఅరలో ఉంది. తెరిస్తే వారం వారం మావయ్య గుండ్రటి అక్షరాలు: బాగుంది. బాగుంది. బాగుంది. పేజీలకి పేజీలు. ఆమె కొత్త గీత కింద తేదీ వేసి ఆగింది.

"ముసలి నడక అని రాయకు, నవ్వుతారు," అన్నాడు మావయ్య వెనక నుంచి. "నెమ్మది గేరు అని రాయి. దిగేటప్పుడు జారుతోంది, ఎక్కేటప్పుడు జారదు. రెండూ రాయి. మెకానిక్‌కి పనికొస్తుంది."

రెండూ రాసింది.

మెకానిక్ రెండు రోజులన్నాడు, పదకొండు రోజులు పట్టింది. అన్నాళ్ళూ గుట్ట మీదకి ట్రాక్టరే పోయింది. పంపు బాబాయి దాన్ని రోజూ తిట్టుకున్నాడు. జీపుని తుక్కుకి పంపే మాట ఎవరూ ఎత్తలేదు. విప్పిన రోజు మావయ్య పక్కనే ముక్కాలిపీట వేసుకు కూర్చున్నాడు. మెకానిక్ గ్రీజు చేతిలో రెండు వస్తువులు పట్టుకొచ్చి చూపించాడు. బఠాణీ అంత ఇనప గుండు, సగానికి విరిగిన స్ప్రింగు. రాడ్డుని దాని మెట్టులో నిలబెట్టేవి అవే.

"ఇంతేనా?" అన్నాడు మావయ్య.

"దానితో పాటు గేర్లని జరిపే ఫోర్కు కూడా అరిగింది. అయినా అసలు రోగం ఇదే. దీనికోసం మోకాలిచ్చావా పెద్దాయనా?"

మావయ్య విరిగిన స్ప్రింగు తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

పన్నెండో రోజు పొద్దున కోడలు నాలుగు బస్తాలతో ఒక్కతే గుట్టెక్కింది. మట్టిదారినే దిగింది. రెండో మలుపు ముందు బరువంతా ముందుకి వాలినప్పుడు ఎడమచెయ్యి ఒక్క క్షణం నల్ల గుండు మీదకి పోయింది. రాడ్డు ఉన్నచోటే ఉంది. చెయ్యి తిరిగి స్టీరింగు మీదకి తెచ్చుకుంది.

సాయంత్రం పుస్తకం తీసింది. మావయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆమె తేదీ వేసి, 'చిన్న రాడ్డు బాగుంది' అని రాసి, కాసేపు ఆలోచించి, దాని కింద ఇంకో గీత రాసింది: 'బ్రేకు వేస్తే బండి కొంచెం ఎడమకి లాగుతోంది.'

"అది నాలుగేళ్ళుగా లాగుతోంది," అన్నాడు మావయ్య.

"అదీ రాస్తాను. ఇంకేమున్నాయో చెప్పండి," అంది.